పాత కారులో పెట్రోలు వాసన: పైపులన్నీ మార్చేయాలా, కారే చోటు వెతకాలా?

కావలి సభ్యుడు:
మా ఇంట్లో 1997 నాటి కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే పాత పద్ధతి పరికరం) కారు ఒకటి ఉన్నది. నాన్నగారు కొన్నది కనుక అమ్మబుద్ధి కాక, నెలకు రెండు మూడుసార్లు నెల్లూరు వెళ్లి రావడానికి వాడుతున్నాను. ఎండలు ముదిరినప్పటి నుంచి తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంటున్నది. నేల మీద మరక లేదు, మైలేజీ తగ్గలేదు. ఒక మెకానిక్ "ఏముంది సామీ, రబ్బరంతా చచ్చిపోయుంటుంది, పైపులన్నీ పీకి కొత్తవి వేసేద్దాం" అన్నాడు. ఇంకొకాయన ట్యాంకే దించాలన్నాడు. వెతకకుండా అన్నీ మార్చడం సబబేనా, లేక కారే చోటు పట్టుకున్న తర్వాతే చెయ్యి పెట్టాలా?

ఒంగోలు సభ్యుడు:
మీ మెకానిక్ చెప్పిందే సరి అని నా అభిప్రాయం. 1997లో ఆ కారుకు వేసిన రబ్బరు ఇప్పుడు మనం పోయిస్తున్న పెట్రోలును దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. దేశంలో పెట్రోలులో పాత రబ్బరుకు పడని ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) 10 శాతం కలిపే లక్ష్యం 2022 జూన్ నాటికే నెరవేరింది. ఇప్పుడు 20 శాతం కలిపినదే బంకుల్లో దొరుకుతున్నది. కొన్ని పాత బండ్లకు 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగిన తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలోనే ఉన్నది. ఒక పైపు పగిలిందంటే దానితో పుట్టిన మిగతావి కూడా అదే దారిలో ఉంటాయి. పెట్రోలుతో పందెం కాయకూడదు.

నెల్లూరు సభ్యుడు:
ఒంగోలు వారి మాటలో నిజం ఉన్నది గానీ, వాసనకు కారణం రబ్బరే అని వారు ముందే తీర్మానించేశారు. అన్ని పైపులూ మార్చిన తర్వాత కూడా వాసన పోని కార్లను నేను చూశాను. వాసన ఎప్పుడు వస్తున్నదో గమనిస్తే సగం జవాబు అందులోనే దొరుకుతుంది. ట్యాంకు నిండా పోయించిన రోజున వచ్చి, సగానికి దిగగానే పోతే లోపం ట్యాంకు పైభాగంలో, అంటే పెట్రోలు పోసే గొట్టం, గాలి గొట్టం, కొలత చూపే తేలుబిళ్ల దగ్గరి వాషర్ వద్ద ఉన్నట్టు. బండి ఆపిన పావుగంటకు బానెట్ వైపు నుంచి వస్తే, ఇంజన్ వేడికి కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరవుతున్నదని గానీ, ఆ గిన్నెలోకి పెట్రోలు రాకుండా ఆపే నీడిల్ సరిగా మూసుకోవడం లేదని గానీ అనుమానించాలి. నడుస్తున్నప్పుడు అద్దాలు దించితేనే వస్తున్నదా? అప్పుడు డిక్కీ రబ్బరు అరిగి, సైలెన్సర్ పొగ వెనక నుంచి లోపలికి లాక్కుంటున్నదేమో చూడాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ ఇరుక్కుంటే ఆ పొగకు కూడా పచ్చి పెట్రోలు వాసనే ఉంటుంది.

వీటన్నింటికంటే ముందు మరొకటి చేయండి. ఇంజనాయిలు కొలిచే కడ్డీ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొట్టినా, ఆయిలు పోయకుండానే మట్టం పెరిగినా, ఇంజన్‌కు బిగించిన పెట్రోలు పంపులోని పొర చిరిగి పెట్రోలు ఆయిల్లోకి దిగుతున్నదని భయపడాలి. అప్పుడు బండి స్టార్ట్ చేయకండి. పలచబడిన ఆయిలుతో బేరింగులు పోతాయి.

వెతికేటప్పుడు మీ ముక్కును మాత్రమే నమ్ముకోవద్దు. ఐదు నిమిషాలు ఆ వాసనలో ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. ఆ కారు అప్పటిదాకా ఎక్కని మనిషిని పిలిచి చూపించండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక కిందికి దిగి నిలుస్తుంది; అంటే వాసన గట్టిగా కొట్టే చోటే కారే చోటు కానక్కరలేదు. గొట్టాల అతుకుల మీద టాల్కం పౌడరు పలచగా చల్లి రాత్రంతా వదిలేస్తే, చెమ్మ తగిలిన చోట పొడి ముద్ద కడుతుంది. ఆరుబయట, ఇంజను చల్లబడ్డాక, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి ఈ పని చేయాలి. వేలాడదీసే బల్బు వద్దు, టార్చి చాలు.

కొత్తపట్నం సభ్యుడు:
మా సముద్రపు ఒడ్డున రబ్బరుకంటే ముందు ఇనుమే పోతుంది. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే ఇనుప గొట్టం, దాన్ని బాడీకి పట్టి ఉంచే క్లిప్పుల కింద తుప్పు పడుతుంది. ఉప్పు, బురద అక్కడే ఇరుక్కుంటాయి. పైకి రంగు బాగానే కనపడుతుంది. రబ్బరంతా మార్చినా ఇది మిగిలిపోతుంది కనుక, కారు లేపినప్పుడు ఆ క్లిప్పులు విప్పి చూడమనండి.

ఒంగోలు సభ్యుడు:
నెల్లూరు వారి పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. అయితే అవన్నీ చేసే ఓపిక గల మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? వెతికే గంటలకు కూలి ఇవ్వడానికి మనకు మనసొప్పదు, పైపు ఖరీదు మాత్రం కిమ్మనకుండా ఇచ్చేస్తాం. ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను: కంటికి ఒకేలా కనబడే పైపులన్నీ ఒకటి కావు. కార్బొరేటర్ బదులు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ కార్లలో ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ. కార్బొరేటర్ బండికి సరిపోయే 30 ఆర్ 7 (పెట్రోలు గొట్టాల ప్రమాణంలో ఒక రకం పేరు) గొట్టం అక్కడ పనికిరాదు, 30 ఆర్ 9 రకం కావాలి. పేరు లేని నల్ల గొట్టం మీటర్ల లెక్కన కోసి వేయించుకునే కంటే పాతది ఉంచుకోవడమే మేలు.

కావలి సభ్యుడు:
ఆయిలు కడ్డీకి వాసన లేదు. ట్యాంకు సగానికి దిగినాక నాలుగు రోజులు వాసనే రాలేదు. తర్వాత ఫుల్ చేయించాను; నాజిల్ దానంతట అది ఆగినా, బంకు కుర్రవాడు చిల్లర లేకుండా వందలకు సరిచేయాలని ఇంకా రెండుసార్లు నొక్కాడు. ఇంటికి వచ్చి డిక్కీలో పక్క అట్ట విప్పి, పెట్రోలు పోసే గొట్టం మీద పౌడరు చల్లాను. తెల్లవారి చూస్తే కింది క్లిప్పు దగ్గర అర్ధచంద్రాకారంలో పొడి తడిసి పసుపు రంగుకు తిరిగింది. క్లిప్పు వదులు చేసి గొట్టం వంచితే, ఎండిన చెరువు మట్టిలా అడుగున సన్నని బీటలు. ఆ ఆవిరే డిక్కీలో నిండి సీటు సందుల్లోంచి ముందుకు వస్తున్నది. ఆ గొట్టం, దాని రెండు క్లిప్పులు మార్పించాను. ట్యాంకు దించలేదు.

ఒంగోలు సభ్యుడు:
సంతోషం. బానెట్ కింది గొట్టాలను కూడా అలాగే వంచి చూశారా?

కావలి సభ్యుడు:
చూశాను. పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే దానిలో బీట కనబడలేదు గానీ, గోటితో నొక్కితే చెక్కలా గట్టిగా ఉన్నది. ఆ ఒక్కటి మీ మాట ప్రకారం ఈ వారమే మార్పిస్తున్నాను.