స్నోఫ్లేక్ (క్లౌడ్ డేటా ప్లాట్‌ఫాం): మాస్కింగ్ పాలసీ (రహస్య డేటాను కప్పి చూపే నియమం) ఉన్న డేటాబేస్ రెప్లికేట్ కావట్లేదు (వేరే అకౌంట్‌లో నకలు అవట్లేదు)

బరంపురం: ముంబై అకౌంట్‌లోని సేల్స్ డేటాబేస్‌ని పుణె అకౌంట్‌కి పంపుతుంటే డ్యాంగ్లింగ్ రిఫరెన్స్ ఎర్రర్‌తో (ముడిపడి ఉన్నది దొరకట్లేదని) రిఫ్రెష్, అంటే నకలును తాజా చేయడం, ఆగిపోతోంది. పాలసీలన్నీ గవర్నెన్స్ అనే వేరే డేటాబేస్‌లో ఉన్నాయి. ఏం చేయాలండీ?

రాయగడ: చిక్కంతా అక్కడేనండీ. టేబుల్‌కి తగిలించిన పాలసీ, రెప్లికేషన్ గ్రూపుకి (కలిపి నకలు చేసే వాటి జాబితాకి) బయట ఉంటే రిఫ్రెష్ ముందుకు పోదు. సోర్స్‌లో, అంటే ముంబైలో, ఆల్టర్ రెప్లికేషన్ గ్రూప్ కమాండ్‌తో గవర్నెన్స్‌ని కూడా అలౌడ్ డేటాబేసెస్‌లో చేర్చండి. అది ఇప్పటికే వేరే గ్రూపులో ఉంటే మూవ్ డేటాబేసెస్ వాడాలి. ఆ తర్వాత పుణెలో రిఫ్రెష్ కొట్టండి. పాలసీని సేల్స్‌లోకి కాపీ చేసే పని మాత్రం పెట్టుకోకండి, రెండుచోట్లా మార్చుకుంటూ కూర్చోవాలి.

సిరొంచ: రోల్స్ (యూజర్లకి హక్కులిచ్చే పాత్రలు) కూడా చూసుకోండి. పాలసీ కరెంట్ రోల్ పేరు చూసి తేలుస్తుంటే, ఆ రోల్ పుణెలో లేకపోతే అందరికీ అసలు డేటా బదులు నక్షత్రాలే కనిపిస్తాయి. రోల్స్‌ని గ్రూపులో పెట్టాలంటే బిజినెస్ క్రిటికల్ ఎడిషన్ (స్నోఫ్లేక్‌లో పై స్థాయి ప్లాన్) ఉండాలి. లేదంటే అవే పేర్లతో చేత్తో సృష్టించి గ్రాంట్లు (అనుమతులు) ఇవ్వండి. రో యాక్సెస్ పాలసీ (ఎవరికి ఏ వరుసలు కనిపించాలో తేల్చే నియమం) ఉంటే, అది చదివే మ్యాపింగ్ టేబుల్ కూడా గవర్నెన్స్‌లోనే పెట్టండి. సెకండరీ (పుణెలోని నకలు) రీడ్ ఓన్లీ కాబట్టి మార్పులన్నీ ముంబైలోనే.