పక్షవాతం వచ్చి రెండున్నరేళ్లు, ఇప్పుడు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చెయ్యి వస్తుందా?

చిత్తూరోడు:
మా నాయనకి 61 ఏళ్లు. రెండున్నరేళ్ల కింద ఎడమ పక్క పడిపోయింది. చేతికర్రతో ఇంట్లో నడుస్తాడు గానీ ఎడమ చెయ్యి ఛాతీకి అతుక్కునే ఉంటుంది, పిడికిలి విప్పలేడు, చొక్కా వెయ్యాలంటే అమ్మ రోజూ కుస్తీ పట్టాల్సిందే. పక్షవాతానికని విరూపాక్షపురంలో ఇచ్చే నాటు మందు కూడా వాడి చూశాం. ఇప్పుడు బెంగళూరులో ఒక క్లినిక్ వాళ్లు నాయన తుంటి ఎముక నుంచే మూలుగ తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్ వేరు చేసి వెన్నులోకి ఎక్కిస్తారంట. మూడు డోసులు, 5 లక్షలు. ఫోన్‌లో ఆమె "చచ్చిన మెదడు మళ్లీ మొలుస్తుంది సార్" అంటోంది. మామిడి తోట గుత్తకిచ్చిన డబ్బు చేతిలో ఉంది. నాయన నోరు తెరిచి అడగడు, కానీ ఆ వీడియోలు మాత్రం రోజూ చూస్తాడు.

కొర్లగుంట అక్క:
మేం మా అత్తకి చేయించాం తమ్ముడూ, వేరే ఊర్లో. అక్కడున్న రెండు వారాలూ పూటపూటకీ ఫిజియో చేయించారు, పాదం కొంచెం లేచింది, అబ్బ ఎంత సంతోషపడ్డామో. ఇంటికొచ్చాక ఫిజియో మానేశాం, మూడు నెలలకి మళ్లీ మొదటికొచ్చింది. అది సెల్స్ పనో ఫిజియో పనో నువ్వే చెప్పు.

తిరుపతి ఫిజియో:
మొలవడం అబద్ధం. ఎక్కించిన కణాలు మెదడు కణాలుగా మారి ఖాళీ పూడ్చవు, చుట్టుపక్కల బతికున్న కణాలకి సాయపడే పదార్థాలు వదులుతాయన్నదే ఆశ. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 18 మందికి పుర్రెకి రంధ్రం వేసి కణాల్ని నేరుగా మెదడులో పెట్టారు, ఫలితాలు 2016లో వచ్చాయి, కొందరికి కదలిక బాగుపడింది, అందరూ చూపించేది అదే. అవే కణాలతో ఇంకా ఎక్కువమందికి చేసి, ఉత్తుత్తి ఆపరేషన్ చేసినవాళ్లతో పోల్చి చూస్తే తేడా తేలలేదని 2019లో చెప్పారు, అది మాత్రం ఎవరూ చెప్పరు. మన దేశంలో 120 మందితో చేశారు, స్ట్రోక్ కొత్తగా వచ్చినవాళ్లకి వాళ్ల మూలుగే నరంలోకి ఎక్కించి. ప్రమాదం లేదు, లాభమూ కనపడలేదు, ఆ ఫలితం 2014లో వచ్చింది. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 నియమాల ప్రకారం పక్షవాతానికి స్టెమ్ సెల్స్ ట్రయల్‌లో, అంటే పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వకూడదు, ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్ఐ నంబర్, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే చోట ఇచ్చే నంబర్, ఆ క్లినిక్ వాళ్లని అడిగి చూడండి.

పిడికిలి సంగతి వేరే. అది బిగువు. బొటాక్స్ ఇంజెక్షన్‌తో సుమారు మూడు నెలలు సడలుతుంది, ఆ మూడు నెలల్లోనే సాగదీయడం, రాత్రి స్ప్లింట్ (వేళ్లు చాపి ఉంచే పట్టీ) కట్టడం చేయాలి. చెయ్యి పనిలోకి వస్తుందని మాటివ్వను. చొక్కా వెయ్యడం, గోళ్లు తియ్యడం సులువవుతుంది, అరచెయ్యి కుళ్లకుండా ఉంటుంది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ వాళ్లని కలవండి, మీకు వేలూరు దగ్గర కాబట్టి అక్కడ బాగాయంలో సీఎంసీ ఆస్పత్రి వాళ్ల రీహాబ్ (పక్షవాతం లాంటివాటి తర్వాత తర్ఫీదిచ్చే విభాగం) కూడా ఉంది.

చిత్తూరోడు:
నంబర్ అడిగాను. మేనేజర్ ఫోన్ చేస్తారన్నారు. చేశాడు కూడా, నంబర్ మాట ఎత్తకుండా 50 వేలు తగ్గిస్తామన్నాడు.
బొటాక్స్ అంటే సినిమావాళ్లు మొహానికి వేయించుకునేదే కదరా అని నాయన ఒకటే నవ్వు. బాగాయంకి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలా, పొద్దున్నే పోయి లైన్లో నిలబడితే సరిపోతుందా?