కెనాన్ ఎం50 కెమెరా తీసుకోనా, ఆర్50 కోసం ఆగనా?

పర్లాకిమిడి కుర్రాడు: అన్నా, సెకండ్ హ్యాండ్ ఎం50 కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే ఇచ్చే మామూలు లెన్స్) దొరుకుతోంది, కొత్త ఆర్50 అంటే చాలా పెట్టాలి. రెండూ 24 మెగాపిక్సెల్లే కదా, పెళ్ళిళ్ళకి ఏది?

రాయగడ అన్న: ఫొటోలకైతే 2018 నాటి ఎం50 ఇప్పటికీ బంగారం తమ్ముడూ. వీడియోలోనే ఇబ్బంది, 4కే (బాగా స్పష్టమైన వీడియో) పెడితే ఫ్రేమ్ అంచులు బాగా కోసేస్తుంది, ఇరుకు మండపంలో తలంబ్రాలు పోసే చేతులు అందులో పట్టవు, ఫోకస్ కూడా అటూ ఇటూ వెతుక్కుంటుంది.

బరంపురం నుంచి: నాది 2023లో వచ్చిన ఆర్50, 4కే కోత లేకుండా వస్తుంది, ఫోకస్ మనిషి కన్ను పట్టుకుందంటే వదలదు. ఎం50 లెన్సులు మాత్రం దీనికి ఎక్కవు, బ్యాటరీ కూడా వేరే.

పర్లాకిమిడి కుర్రాడు: ఇంట్లో పాత కెనాన్ ఈఎఫ్ 50ఎంఎం లెన్స్ ఉంది, పనికొస్తుందా?

రాయగడ అన్న: అది దేనికి తగ్గ అడాప్టర్ (లెన్స్‌ని కెమెరాకి కలిపే రింగు) దానికి పెడితే రెండిటికీ పనికొస్తుంది. పెళ్ళివాళ్ళు వీడియో అడుగుతారంటే ఆర్50 కోసం ఆగు.