డిస్లెక్సియా ఉన్నవాళ్లని మా బృందంలోకి ఎలా పిలవాలి?

మేం కొందరు తల్లిదండ్రులం, టీచర్లం కలిసి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లలకీ పెద్దవాళ్లకీ సాయంగా ఒక బృందం మొదలుపెట్టాం. మొన్నే వెలిగింది, నిర్ణయాలు తీసుకునే ఆరుగురిలో ఒక్కరికీ డిస్లెక్సియా లేదు! పైగా అభిప్రాయాలు చెప్పమని నాలుగు పేజీల ఫారం పంపాం. చదవడమే కష్టమైనవాళ్లకి చదివే పని పెట్టామన్నమాట. ఒక్కటీ తిరిగి రాలేదు, ఎలా వస్తుంది?

డిస్లెక్సియా పెద్దయ్యాక పోయేది కాదు కదా, అందుకే పెద్దవాళ్ల అనుభవం మాకు కావాలి. కానీ బడిలో పడ్డ అవమానాలు గుర్తొచ్చి చాలామంది బయటపడరు. మీలో ఎవరికైనా డిస్లెక్సియా ఉంటే చెప్పండి, ఎలా పిలిస్తే వస్తారు? మాట్లాడబోయే విషయాలు ముందే వాయిస్ మెసేజ్‌లో పంపితే సరిపోతుందా? వాళ్ల సమయానికి డబ్బిస్తామంటే నొచ్చుకుంటారా?