విదేశీ క్లౌడ్ బిల్లు, అమ్మాయి ఫీజు: జీడీపీ లెక్కలో ఎక్కడ రాయాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): అందరికీ నమస్కారం. దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం మా బావగారి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కలు తీసుకుని మూడు చోట్ల ఆగిపోయాను. నెలనెలా కట్టే విదేశీ క్లౌడ్ బిల్లు (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్ల ఖర్చు), మూడేళ్లకు కొన్న డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్, జర్మనీలో చదువుతున్న వాళ్లమ్మాయి ఫీజు. దిగుమతుల్ని మైనస్ చేస్తాం కదా, అంటే ఇవన్నీ జీడీపీని తగ్గిస్తున్నట్టేనా? ఎల్లుండే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (జయనగర్): కంగారు పడకండి. దిగుమతి జీడీపీని తగ్గించదండీ. వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ ఖర్చు లెక్కవేసేటప్పుడు ఆ వస్తువో సేవో ఎక్కడ తయారైందని చూడం. బయటివాళ్లు చేసింది కూడా అందులో కలిసే వస్తుంది. అలా కలిసినదాన్నే చివర్లో తీసేస్తాం.

బావగారి యాప్‌కి ఇక్కడి కస్టమర్ 100 రూపాయలు కట్టాడనుకోండి, అందులో 30 విదేశీ క్లౌడ్‌కి పోయింది. ఖర్చు వైపు చూస్తే వినియోగం 100, దిగుమతి 30, మిగిలింది 70. ఉత్పత్తి వైపు చూస్తే అమ్మకం 100, మధ్యంతర వినియోగం (ఉత్పత్తి కోసం కొని వాడేసినవి) 30, అదనపు విలువ, అంటే మిగిలినది, మళ్లీ 70. ఒకసారి కాగితం మీద మీ చేత్తో వేసి చూడండి, ఈ అనుమానం మళ్లీ రాదు.

లైసెన్స్ సంగతి వేరు. ఒకేసారి డబ్బు కట్టి ఏడాదికి మించి వాడుకునేదైతే అది పెట్టుబడి. స్థిర మూలధన కల్పనలో (ఏళ్ల తరబడి వాడే ఆస్తుల మీద పెట్టుబడి) మేధోసంపత్తి ఉత్పత్తుల కింద రాయాలి. ఏ ఏటికా ఏడు కట్టే సబ్‌స్క్రిప్షన్ అయితే మధ్యంతర వినియోగమే. డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ కాబట్టి చెల్లింపుల శేషంలో (విదేశాలతో జరిగే లావాదేవీల పట్టిక) రెండూ కంప్యూటర్ సేవల కిందికే వస్తాయి.

అమ్మాయి ఫీజు, గది అద్దె, తిండి ఖర్చు ప్రయాణ సేవల దిగుమతి. ఇక్కడ కుటుంబ వినియోగంలోనూ అదే మొత్తం ఉంటుంది. బ్యాంకులో డబ్బు పంపేటప్పుడు రాసిన పర్పస్ కోడ్ చూడండి, చదువుకైతే ఎస్0305 ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ సర్. కానీ తను వెళ్లి రెండేళ్లు దాటింది. ఏడాది దాటితే అక్కడి నివాసి అవుతారని చదివాను, అలాగైతే ఆ ఖర్చు మన దిగుమతి కాదు కదా?

జవాబు (జయనగర్): ఆ నియమం మామూలుగా నిజమే. విద్యార్థులకూ, వైద్యానికి వెళ్లినవాళ్లకూ వర్తించదు. ఎన్నేళ్లున్నా సొంత దేశ నివాసులే. చదువైపోయి అక్కడే ఉద్యోగంలో స్థిరపడితే అప్పుడు మారుతుంది.

ఇంకొకరు (వైట్‌ఫీల్డ్): అకౌంట్స్‌లో పనిచేస్తాను, ఒక్క మాట. క్లౌడ్ బిల్లు ఎవరు ఇస్తున్నారో చూశారా? విదేశీ కంపెనీలు చాలావరకు ఇక్కడి అనుబంధ సంస్థ పేరు మీదే బిల్లు ఇస్తాయి. అమ్మినవాళ్ల చిరునామా, జీఎస్టీ నంబరు చూడండి. మొదటి రెండంకెలు 29 అయితే కర్ణాటక నమోదు. అప్పుడు మీ బావగారు కొన్నది దేశీయ సేవే. ఆ అనుబంధ సంస్థ బయటి మాతృసంస్థకు కట్టేదే దిగుమతి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే బిల్లు తెరిచి చూశాను. బ్రాండ్ పేరు విదేశీదే గానీ చిరునామా బెంగళూరుదే, నంబరు 29తోనే మొదలైంది! 30 మధ్యంతర వినియోగంలో ఉంచి, దిగుమతి గడిలోంచి తీసేస్తున్నాను. సరేనా?

జవాబు (జయనగర్): సరిగ్గా అంతే. పక్కనే కారణం ఒక వాక్యం రాయండి, దిద్దేవాళ్లు తప్పకుండా అడుగుతారు.