అప్‌డేట్: మిగ్-21 రెక్కల మీద తెల్లపొర పోయింది

వానల్లో గ్లాసీ లక్కర్ కోటు (మెరిసే పైపూత) కొడితే నా 1/72 (అసలులో 72వ వంతు) ప్లాస్టిక్ మోడల్ యుద్ధవిమానం మిగ్-21 రెక్కలు బూజు పట్టినట్టు తెల్లబారాయని, పెయింటంతా తీసేయాలా అని అడిగాను కదా. తీసే పని లేకుండానే బాగైంది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు పెయింటింగ్ చేసే మా బాబాయ్ రెక్క చూడగానే, "గాలిలో తేమరా ఇది. థిన్నర్ గబగబా ఆరితే పైభాగం చల్లబడి నీరు పట్టేస్తుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడు" అన్నాడు. కార్ల థిన్నర్ అయితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది. అందుకే రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిసి వచ్చే మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ తెప్పించాను. ముందు కిట్‌లో భాగాలు అతికి వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ ముక్క మీద పరీక్షించి, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్‌తో పల్చగా చల్లాను. పొర కళ్లముందే కరిగిపోయి, కింద గ్రే రంగు, ప్యానెల్ గీతలు తేటగా బయటపడ్డాయి. ఎంత హాయిగా అనిపించిందో!

డెకాల్స్ (విమానం గుర్తుల స్టిక్కర్లు) కూడా అంటించేశాను. నున్నటి గ్లాసీ కోటు మీదే అంటించాలి, మెరుపులేని మ్యాట్ కోటు మీదైతే అడుగున గాలి చిక్కి అంచులు మెరుస్తాయి. 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా మన వైమానిక దళంలో సేవ చేసిన విమానం, దాని మూడు రంగుల గుర్తు వంకర పోకూడదని నా పట్టుదల.

ఇక మిగిలింది మ్యాట్ కోటే. అది ముసురు పూర్తిగా తగ్గాకే.