విండోస్ 10 నుంచి లినక్స్ మింట్‌కి మారుతున్నాను, ఇన్‌స్టాల్ నొక్కే ముందు సాయం కావాలి

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్ 2016 నాటిది, 8 జీబీ ర్యామ్, అందులో ఉన్నది విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11కి నా ప్రాసెసర్ పనికిరాదు. చక్కగా నడుస్తున్న మెషీన్‌ని పక్కన పడేయడానికి మనసొప్పలేదు.

అందుకే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి రెండు రోజులు లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూశాను. వైఫై, సౌండ్ వెంటనే వచ్చాయి. డీ డ్రైవ్‌లో ఏం సేవ్ చేయబోయినా 'రీడ్ ఓన్లీ' అని ఆపేసింది గానీ, విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడం కోసం విండోస్‌ని పూర్తిగా ఆపని సెట్టింగ్) ఆఫ్ చేసి పూర్తిగా షట్‌డౌన్ చేశాక అది సర్దుకుంది.

సర్దుకోనిది ఒకటుంది. మూత వేసి మళ్లీ తెరిస్తే ఫ్యాన్ తిరుగుతుంది, కీబోర్డ్ లైటు వెలుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోతుంది, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపడం తప్ప దారి లేదు. ఇన్‌స్టాల్ చేసి ఇందులోని ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌కి దాని డ్రైవర్ వేసుకుంటే ఇది పోతుందా?

ఇంకోటి, నాకు దీనిమీదే ఎక్కువ టెన్షన్. అమ్మ రాసిన కథలన్నీ యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ వాడే అక్షర పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. మింట్‌లో వర్డ్ లాంటి లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయి. ఆ ఫాంట్ ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలా, లేక విండోస్ ఉండగానే అన్నీ యూనికోడ్‌లోకి మార్చుకోవాలా? బ్యాకప్ వేరే డిస్క్‌లో తీసి పెట్టాను. కొన్నాళ్లు విండోస్, మింట్ రెండూ పక్కపక్కనే ఉంచుకోమంటారా? ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.